అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ ఏదీ రాసుకోనంటోంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే బాధ గురించి: అప్‌డేట్ తర్వాత లినక్స్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిపోవడం. పైకి చూస్తే నలుగురి జబ్బూ ఒకటే, కారణాలు మాత్రం నాలుగు. అందుకే నాలుగూ కలిపి జవాబిస్తున్నాను. ఆదేశాలను ఇక్కడ తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, స్పేస్ ఉన్నచోట స్పేస్ వదలండి.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. మొన్న రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే సగంలో ఆగి ఉంది. ఏ ఫైలు సేవ్ చేయబోయినా 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటోంది. సుడో (అడ్మిన్ అధికారం ఇచ్చే ఆదేశం) పెట్టినా అదే మాట. రీబూట్ చేస్తే గంటసేపు బాగా పనిచేసి, మళ్లీ మొదటికొస్తోంది. తెలిసినవారొకరు 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /' అని కొట్టమన్నారు. దాంతో సరిపోతుందా? మా అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ఆదేశం ఇప్పుడు కొట్టకండి. ముందు మీ అమ్మాయి రిపోర్టు సంగతి చూద్దాం.

రీడ్-ఓన్లీ అంటే రాయడం కుదరదు గానీ చదవడం కుదురుతుంది. కాబట్టి మీ ఫైళ్లను ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటది తెరుచుకోకపోతే కంగారు పడకండి. ఉబుంటు డెస్క్‌టాప్ పెన్‌డ్రైవ్‌ను తెరవడానికి 'మీడియా' అనే ఫోల్డరులో కొత్త ఫోల్డరు పెట్టాలి, డిస్కు రాయనివ్వనప్పుడు అది వీలవదు. కానీ 'ఎంఎన్‌టీ' అనే ఖాళీ ఫోల్డరు ముందునుంచే ఉంటుంది. 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' అని కొడితే డిస్కుల పేర్లు వస్తాయి. సైజు చూసి పెన్‌డ్రైవ్ ఏదో పోల్చుకోండి. అది ఎస్‌డీబీ1 అనుకుంటే, 'సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ' అని కొట్టి అందులోకి కాపీ చేయండి. అయ్యాక వేరే కంప్యూటర్లో ఆ రిపోర్టును ఒకసారి తెరిచి చూడండి. కాపీ అయినంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు. తెరుచుకున్నాకే ఊపిరి పీల్చుకోండి.

ఇక అసలు విషయం. మీ సిస్టమ్ పాడై రీడ్-ఓన్లీ అయిందని మీరు అనుకుంటున్నారు. నిజానికి ఇంకా పాడవకుండా ఉండటానికి అది తనే ఆ స్థితిలోకి వెళ్లింది. చిట్టా రాసే గుమాస్తా ఒక పేజీలో కూడిక తేలకపోతే కలం కింద పెట్టేస్తాడు చూడండి, తప్పు మీద ఇంకో పద్దు రాయకూడదని. డిస్కులో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఏ బ్లాకు ఏ ఫైలుది, ఏది ఖాళీ అనే లెక్క పొంతన కుదరకపోతే కెర్నల్ (లినక్స్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) చేసేదీ అదే. డెబియన్, చాలా ఉబుంటు వెర్షన్లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే, ఏ డిస్కును ఎలా తెరవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో రూట్ (సిస్టమ్ ఉండే ప్రధాన భాగం) లైనుకు 'ఎర్రర్స్=రీమౌంట్-ఆర్ఓ' అని రాసి పెడతాయి. లెక్క తప్పితే రాత ఆపెయ్ అని దాని అర్థం. మీవాళ్లు చెప్పిన ఆదేశం ఆ గుమాస్తా చేతిలో బలవంతంగా కలం పెట్టడమే. లెక్క ఎక్కడ తప్పిందో మాత్రం చెప్పదు.

నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. మా తమ్ముడి థీసిస్ ఉన్న కంప్యూటర్ అది. రీమౌంట్ కొట్టగానే అన్నీ మామూలుగా పనిచేశాయి. రెండు రోజులు సంతోషంగా వాడాం. మూడోరోజు బూటే కాలేదు. డిస్కు లెక్కలు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అనే ఆదేశం నడిపితే బాగుచేసింది గానీ, వాడి ఫోల్డరు ఉండాల్సిన చోట లేదు. 'లాస్ట్+ఫౌండ్' అనే ఫోల్డరులో వందలకొద్దీ ఫైళ్లు, ఒక్కదానికీ పేరు లేదు. ఒక హాష్ గుర్తు, పక్కన ఒక అంకె, అంతే. ఏది అధ్యాయమో, ఏది ఫొటోనో, ఏది పనికిరాని సిస్టమ్ ఫైలో తెలియదు. 'ఫైల్' అనే ఆదేశంతో ఒక్కొక్కటి ఏ రకమో చూస్తూ, తెరుస్తూ మూడు రాత్రులు కూర్చున్నాం. నాలుగో అధ్యాయం దొరకనే లేదు. వాడు దాన్ని మళ్లీ మొదటినుంచి రాసుకున్నాడు. ఆ రెండు రోజులూ రాయకుండా ఆగి ఉంటే ఆ అధ్యాయం ఎక్కడికీ పోయేది కాదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు చేసిన రీబూట్ వల్ల కూడా ఒక నష్టం జరిగింది. డిస్కు రాయనివ్వనప్పుడు లాగ్ కూడా డిస్కులోకి వెళ్లదు. తప్పు ఏమిటో కెర్నల్ చెప్పిన మాటలు మెమరీలో మాత్రమే ఉంటాయి, రీబూట్ చేయగానే పోతాయి. ఈసారి రీడ్-ఓన్లీ కాగానే దేనికన్నా ముందు 'సుడో డీఎంఈఎస్‌జీ' కొట్టి చివరి యాభై లైన్లు ఫోన్‌తో ఫొటో తీయండి. లేదా ఆ అవుట్‌పుట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి మళ్లించండి.

రీబూట్ చేసినా చెరిగిపోని సాక్ష్యం ఒకటుంది. చాలామందికి దాని సంగతి తెలియదు. ఈఎక్స్‌టీ4 తన సొంత వివరాలు దాచుకునే సూపర్‌బ్లాకులో మొదటి తప్పు ఎప్పుడు జరిగింది, చివరిది ఎప్పుడు, మొత్తం ఎన్ని అన్నది రాసిపెట్టుకుంటుంది. 'సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎల్' పక్కన మీ రూట్ పార్టిషన్ పేరు ఇచ్చి కొట్టండి. వచ్చేదాంట్లో 'ఫస్ట్ ఎర్రర్ టైమ్' అనే లైను వెతకండి. తర్వాత అప్‌డేట్ ఎన్నింటికి మొదలైందో /వార్/లాగ్/ఏపీటీ ఫోల్డరులోని హిస్టరీ లాగ్‌లో చూడండి. మొదటి తప్పు అప్‌డేట్ కన్నా వారం ముందుదైతే, నేరం అప్‌డేట్‌ది కానట్టే. ఎఫ్‌ఎస్‌సీకే బాగుచేశాక ఈ వివరాలు చెరిగిపోతాయి కాబట్టి ముందే చూసుకోవాలి. ఒకవేళ అక్కడ ఏమీ లేదనుకోండి, డిస్కే మాయమైపోవడం వల్ల సూపర్‌బ్లాకులో రాయడం కూడా కుదరలేదేమో అని అనుమానించాలి. మీకు గంట తర్వాత వస్తోందన్నారు కాబట్టి నాకు ఆ అనుమానం గట్టిగా ఉంది.

మరి అప్‌డేట్ సమయంలోనే ఎందుకు బయటపడుతుంది? అప్‌డేట్ అంటే వేలకొద్దీ చిన్న ఫైళ్లు రాయడం, పాతవి తీసేయడం. నెలలుగా ముట్టుకోని బ్లాకులను కూడా ముట్టుకుంటుంది. ఎప్పటినుంచో దాగి ఉన్న లోపం ఆ రాత్రే తగులుతుంది. నేను చూసిన వాటిలో ఎక్కువ ఇలాంటివే. అలాగని అప్‌డేట్‌దే తప్పయిన సందర్భాలు లేవని కాదు. 2018 చివర్లో 4.19 కెర్నల్‌తో ఈఎక్స్‌టీ4 డిస్కులు పాడవుతుంటే అందరూ ఈఎక్స్‌టీ4నే అనుమానించారు. చివరికి తప్పు దాని కింద, డిస్కుకు పనులు పంపే పొరలో దొరికింది. 2023 డిసెంబరులో డెబియన్ కూడా ఒక కెర్నల్ లోపం ఈఎక్స్‌టీ4 డేటాను పాడుచేయగలదని తెలిసి 12.3 ఇమేజీల విడుదల ఆపేసింది, సరిచేసిన కెర్నల్‌తో డిసెంబరు 10న 12.4 ఇచ్చింది. అందుకని బూట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్లి పాత కెర్నల్‌తో ఒకరోజు నడిపి చూడటం మంచి పరీక్షే. ఫైళ్లు బయటికి తీశాకే సుమా.

ఫొటో తీసిన లైన్లలో ఏముందో దాన్నిబట్టి దారి మారుతుంది. 'ఎన్‌వీఎంఈ... కంట్రోలర్ ఈజ్ డౌన్' అని కనబడితే, డిస్కు నిద్రలోకి వెళ్లి లేవలేకపోయిందన్నమాట. కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కులకు (ఒక రకం వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలు) కరెంటు ఆదా చేసే పద్ధతి పడదు, కెర్నల్ మారినప్పుడు ఆ తేడా బయటపడొచ్చు. బూట్ లైనులో 'ఎన్‌వీఎంఈ_కోర్.డీఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్=0' అని చేర్చితే ఆ లోతైన నిద్ర ఆగిపోతుంది. బూట్ మెనూలో 'ఈ' నొక్కి ఒక్కసారికి చేర్చి చూడండి. రెండు మూడు రోజులు సవ్యంగా నడిస్తే అప్పుడు శాశ్వతంగా పెట్టుకోవచ్చు. డిస్కు తయారీదారు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారేమో కూడా చూడండి.

'ఐ/ఓ ఎర్రర్' అని సెక్టార్ నంబర్లతో సహా వస్తే డిస్కును పరీక్షించాలి. 'సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ' పక్కన డిస్కు పేరు ఇచ్చి కొట్టండి. అది లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్కులో ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్ ఉన్నది) బూట్ చేసి అక్కడ ఇన్‌స్టాల్ చేసుకోండి. సాటా డిస్కయితే 5, 197, 198 నంబర్ల లైన్లలో చివరి అంకె చూడండి. 197 అంటే చదవడానికి మొరాయిస్తూ వరసలో ఉన్న సెక్టార్లు. అది సున్నా కాకపోతే నేను ఎఫ్‌ఎస్‌సీకే జోలికే వెళ్లను, ముందు మొత్తం డిస్కును ఇంకో డిస్కులోకి 'డీడీరెస్క్యూ'తో దించుకుంటాను. 199వ లైను మాత్రం వేరే కథ. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో జరిగే తప్పుల లెక్క. నా బల్ల మీది డెస్క్‌టాప్ ప్రతి అప్‌డేట్‌కీ రీడ్-ఓన్లీ అయ్యేది. మిగతా అంకెలన్నీ సున్నా, 199 ఒక్కటే రోజురోజుకూ పెరుగుతూ ఉండేది. మూత తీసి చూస్తే సాటా కేబుల్ ఒక మూల నొక్కుకుపోయి, కనెక్టర్ దగ్గర తెల్లగా మడత పడి ఉంది. కొత్త కేబుల్ వేశాను. ఆ అంకె తగ్గదు, ఎప్పటికీ తగ్గదు, కానీ ఆ రోజు నుంచి పెరగడం ఆగింది. డిస్కు ఇప్పటికీ నడుస్తోంది.

ఇవేవీ లేకుండా 'ఈఎక్స్‌టీ4-ఎఫ్‌ఎస్ ఎర్రర్' లైన్లు మాత్రమే ఉంటే అప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే పని. నడుస్తున్న రూట్ మీద దాన్ని ఎప్పుడూ నడపకండి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఆ పార్టిషన్ మౌంట్ అయి లేదని చూసుకుని, మొదట 'ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ -ఎన్' పక్కన దాని పేరు ఇచ్చి కొట్టండి. -ఎన్ ఉంటే దేన్నీ మార్చదు, ఎన్ని తప్పులున్నాయో చెబుతుంది. పది ఇరవై లైన్లయితే -ఎన్ తీసేసి నడపండి. తెర ఆగకుండా పరుగెత్తుతుంటే మాత్రం ఆగి, ముందు డిస్కు నకలు తీయండి.

ఇంతా అయ్యాక సగంలో ఆగిన అప్‌డేట్ మిగిలే ఉంటుంది. దాన్ని మర్చిపోతే తర్వాతి బూట్‌లో ఇంకో తలనొప్పి. 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', ఆ తర్వాత 'సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్'. కొత్త కెర్నల్ బూట్ కావడానికి కావాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు కూడా సగమే రాసి ఉండొచ్చు. 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్' కొట్టి, బూట్ ఫోల్డరులో దాని సైజు పాతదానికి దగ్గరగా ఉందో లేదో చూశాకే రీబూట్ చేయండి.

ప్రశ్న: డెబియన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. అంతకుముందే డిస్కు కూడా కొత్తది వేసి, పాతదాన్నుంచి ఫైళ్లన్నీ కాపీ చేసుకున్నాను. ఇప్పుడు బూట్ అవుతోంది గానీ మొదటినుంచీ రీడ్-ఓన్లీయే. డీఎంఈఎస్‌జీలో ఒక్క ఎర్రర్ కూడా లేదు. బూట్ లైనులో 'ఆర్ఓ' అని కనిపించింది. అదే కారణమా?

జవాబు: కాదు, ఆ 'ఆర్ఓ' ఉండాల్సిందే. రూట్‌ను మొదట రీడ్-ఓన్లీగా తెరిచి, పరీక్ష అవసరమైతే చేసి, ఆ తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో రాసిన ప్రకారం రాయడానికి అనుమతిస్తూ మళ్లీ మౌంట్ చేయడం పాత పద్ధతి. బూట్ పనులన్నీ నడిపించే సిస్టమ్‌డీలో ఈ రెండో పని చేసేది 'సిస్టమ్‌డీ-రీమౌంట్-ఎఫ్‌ఎస్' అనే సర్వీసు. మీ విషయంలో ఆ రెండో అడుగు పడలేదు. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సిస్టమ్‌డీ-రీమౌంట్-ఎఫ్‌ఎస్' కొడితే ఎందుకు పడలేదో అదే చెబుతుంది.

నా అంచనా: ఎఫ్‌స్టాబ్‌లో పాత డిస్కు యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) అలాగే ఉండిపోయింది. ఫైళ్లు కాపీ చేసినప్పుడు ఎఫ్‌స్టాబ్ కూడా యథాతథంగా వచ్చేసింది గదా. 'బీఎల్‌కేఐడీ' కొట్టి అసలు యూయూఐడీ చూడండి, ఎఫ్‌స్టాబ్‌లో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చండి.

పై ఉత్తరానికి వద్దన్న ఆదేశాన్ని మీకు మాత్రం కొట్టమంటున్నాను. 'సుడో మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /'. ఇక్కడ కెర్నల్ ఏ తప్పూ చూసి ఆగలేదు, చిరునామా తప్పు రాసి ఉందంతే. పాత యూయూఐడీ అడ్డొచ్చి అదీ ఒప్పుకోకపోతే, చివరి '/' ముందు అసలు పార్టిషన్ పేరు కూడా చేర్చి కొట్టండి. ఎఫ్‌స్టాబ్ సరిచేసి, 'ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై' కొట్టండి. ఇంకెక్కడైనా అక్షరదోషం ఉంటే అది పట్టేస్తుంది. తప్పులేవీ లేవంటే రీబూట్ చేయండి.

ప్రశ్న: ఓపెన్‌సూసే వాడుతున్నాను. అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లగా వస్తోందని బూట్ మెనూలో పాత స్నాప్‌షాట్ (సిస్టమ్ పాత స్థితిని దాచిన నకలు) ఎంచుకున్నాను. డెస్క్‌టాప్ వచ్చింది కానీ ఏదీ ఇన్‌స్టాల్ కావడం లేదు, రీడ్-ఓన్లీ అంటోంది. డిస్కు పోయిందా?

జవాబు: డిస్కుకేమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి. స్నాప్‌షాట్‌ను చూడటానికి తెరిస్తే అది రీడ్-ఓన్లీగానే తెరుచుకుంటుంది, కావాలనే అలా పెట్టారు. అంతా సరిగ్గా ఉందని మీకు నమ్మకం కుదిరితే, అక్కడే 'సుడో స్నాపర్ రోల్‌బ్యాక్' కొట్టి రీబూట్ చేయండి. ఆ పాత స్థితి మీ అసలు సిస్టమ్ అవుతుంది, రాయడానికీ వీలవుతుంది. హోమ్ ఫోల్డరు స్నాప్‌షాట్‌లో భాగం కాదు కాబట్టి మీ సొంత ఫైళ్లు వెనక్కి పోవు.

ఇలాగే మరికొన్ని సిస్టమ్‌లలో కూడా రీడ్-ఓన్లీ అంటే జబ్బు కాదు. ఫెడోరా సిల్వర్‌బ్లూలో 'యూఎస్ఆర్' ఫోల్డరు, స్టీమ్‌ఓఎస్‌లో రూట్, 2019లో వచ్చిన కాటలినా నుంచి మాక్ సిస్టమ్ భాగం, అన్నీ తాళం వేసే ఉంటాయి. మామూలు స్నాప్‌షాట్ కాకుండా, రోజూ వాడే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (ఇలాంటి స్నాప్‌షాట్లు తీయగల ఫైల్ సిస్టమ్) రూట్ మధ్యలో రీడ్-ఓన్లీ అయితే మాత్రం 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్ /' కొట్టి మెటాడేటాకు (ఫైళ్ల గురించిన లెక్కలకు) చోటు మిగిలిందో లేదో చూడండి. 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చెక్ --రిపేర్' జోలికి మాత్రం మీ అంతట మీరు వెళ్లకండి. దానివల్ల ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఒక ప్రాజెక్టు చేస్తున్నాడు. అప్‌డేట్ చేసినప్పుడల్లా మధ్యలో రీడ్-ఓన్లీ అవుతోంది. ఎఫ్‌ఎస్‌సీకే చేస్తే రెండు రోజులు బాగుంటుంది.

జవాబు: రెండు రోజులకొకసారి తిరిగొస్తుంటే ఎఫ్‌ఎస్‌సీకే ఇక ఆపండి. రెండు అనుమానాలు. మొదటిది కరెంటు: డీఎంఈఎస్‌జీలో 'అండర్-వోల్టేజ్ డిటెక్టెడ్' అని ఉందేమో చూడమనండి. అప్‌డేట్ సమయంలో ప్రాసెసర్, మెమరీ కార్డు రెండూ ఒకేసారి గట్టిగా పనిచేస్తాయి. మామూలు ఫోన్ ఛార్జర్, సన్నటి పొడవాటి కేబుల్ ఆ బరువు మోయలేవు. బోర్డు తయారీదారు అమ్మే అసలు అడాప్టర్ వాడి చూడండి.

అప్పటికీ ఆగకపోతే రెండోది, మెమరీ కార్డు అరిగిపోవడం. అరిగిన కార్డు ఎలా ఉంటుందంటే, ఫైలు రాసినట్టే చెబుతుంది, రీబూట్ చేసి చూస్తే పాత ఫైలే ఉంటుంది. అబ్బాయిని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి, 'సింక్' కొట్టి, సరిగ్గా షట్‌డౌన్ చేసి, మళ్లీ బూట్ చేసి చూడమనండి. ఫైలు మాయమైతే ఆ కార్డును పక్కన పెట్టేయండి. అందులోంచి ప్రాజెక్టు ఫోల్డరు మాత్రం ఈరోజే కాపీ చేసుకోమనండి, ఎందుకంటే అలాంటి కార్డు రేపు చదవనివ్వకపోవచ్చు కూడా.